ప్రకటన కూడా ఒక ప్రయోగమే
అంతర్జాల దుకాణం, సామాజిక మాధ్యమాలు, నిజాయితీ లెక్కలు

అంతర్జాలంలో చిన్న దుకాణం నడిపేవారు సామాజిక మాధ్యమాల్లో ప్రకటన ఎలా తయారుచేసుకోవాలి అన్నది ఈనాటి మన ప్రసంగాంశం. సైన్సు పాఠాలు చెప్పే మనిషికి వ్యాపార ప్రకటనలతో ఏం పని అని మీకు అనిపించవచ్చు. పని ఉంది. ఏ ప్రకటనలోనైనా రెండు ప్రతిపాదనలు ఉంటాయి. ఒకటి వస్తువు గురించి: "ఇది ఫలానా రకం వస్తువు." రెండోది మనుషుల గురించి: "ఈ మాట ఇలా చెబితే వీళ్ళు కొంటారు." ఈ రెండింటినీ పరీక్షించి చూడవచ్చు. పరీక్షించగలిగిన ప్రతిపాదన ఎక్కడ ఉంటే అక్కడ సైన్సు పద్ధతికి చోటుంది. మంచి ప్రకటన అంటే గట్టిగా అరిచేది కాదు, ఈ రెండు పరీక్షల్లోనూ నిలిచేది. ఈ ఒక్క విషయాన్ని ఇవాళ వివరంగా చూద్దాం.

మాట్లాడుకోవడానికి ఒక ఊరు, ఒక వస్తువు ఉంటే సులువుగా ఉంటుంది. ఛత్తీస్‌గఢ్‌లోని బిలాస్‌పూర్‌ను తీసుకుందాం. ఇది రైల్వే పట్టణం. ఇక్కడి నుంచి కట్నీ వైపు వెళ్ళే మార్గంలో ఉన్న స్టేషన్ ఉస్లాపూర్. 1887లో ఏర్పడిన బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే ఈ ప్రాంతంలో పట్టాలు వేసింది. ఆ రైల్వేలో పని కోసం శ్రీకాకుళం, విజయనగరం, విశాఖపట్నం వైపు నుంచి వచ్చిన కుటుంబాలు ఈ లైన్ల మీది పట్టణాల్లో స్థిరపడ్డాయి. 2003లో ఆగ్నేయ మధ్య రైల్వే ఏర్పడినప్పుడు బిలాస్‌పూర్ దానికి కేంద్రమయింది. ఇప్పటికీ కోర్బా నుంచి బయలుదేరే రైలు బిలాస్‌పూర్, రాయ్‌పూర్, రాయగడ, విజయనగరం మీదుగా విశాఖపట్నం చేరుతుంది.

ఇక వస్తువు. బిలాస్‌పూర్‌కు సుమారు 50 కిలోమీటర్ల దూరంలో చాంపా ఉంది. అక్కడ నేసే పట్టును 'కోసా' అంటారు. మన తెలంగాణలో దసలి పట్టు అనేది ఇదే జాతి. దీని పురుగు మల్బరీ ఆకు తినదు. తెల్లమద్ది, నల్లమద్ది వంటి అడవి చెట్ల మీద పెరుగుతుంది. ఈ పట్టుకు రంగు వేయకుండానే తేనెరంగు, లేత బంగారు రంగు ఉంటుంది. చాంపా పట్టుచీరలకు, వస్త్రాలకు భౌగోళిక గుర్తింపు కూడా ఉంది.

ఉస్లాపూర్‌లో ఒక తెలుగు రైల్వే కుటుంబం ఉందని ఊహించుకుందాం. ఆ ఇంట్లో డిగ్రీ పూర్తయిన అప్ప, పన్నెండో తరగతి చదువుతున్న తమ్ముడు ఉన్నారు. ఉత్తరాంధ్ర ఇళ్ళల్లో అక్కను 'అప్ప' అని పిలుస్తారని మీలో చాలామందికి తెలిసే ఉంటుంది. వాళ్ళు చాంపా నేతగాళ్ళ దగ్గర చీరలు తీసుకుని అంతర్జాలంలో అమ్మాలనుకున్నారు. ప్రకటన ఖర్చుకు వాళ్ళమ్మ చిట్టీ డబ్బులోంచి 3,000 రూపాయలు ఇచ్చింది. ఆ డబ్బు పోతే మళ్ళీ ఇవ్వడానికి ఆమె దగ్గర లేదు. ఈ షరతుతో మన పాఠం మొదలుపెడదాం.

మొదటి ప్రశ్న: మనం చెప్పే మాటకు ఆధారం ఏమిటి?

"అప్పా, 'అసలైన చాంపా చేనేత కోసా పట్టు' అని పెద్ద అక్షరాలతో వేసేద్దాం" అన్నాడు తమ్ముడు. ఆ మాట అందంగానే ఉంది. అయితే సైన్సు విద్యార్థిగా దాన్ని విడదీసి చూడండి. అందులో నాలుగు వేర్వేరు మాటలు ఉన్నాయి. ఇది పట్టు. అందులోనూ కోసా పట్టు. చేత్తో నేసింది. చాంపాలో నేసింది. ఒక్కో మాటకు ఒక్కో ఆధారం కావాలి.

పట్టు అనే మాటను ఇంట్లోనే కొంతవరకు పరీక్షించవచ్చు. చీర అంచు నుంచి ఒక పోగు తీసి, పట్టకారుతో పట్టుకుని, పెద్దల సమక్షంలో మంటకు చూపిస్తే పట్టు నెమ్మదిగా కాలుతుంది. వెంట్రుక కాలినట్టు వాసన వస్తుంది. ఎందుకంటే పట్టూ వెంట్రుకా రెండూ ప్రోటీన్లే. మిగిలే బూడిద వేళ్ళతో నలిపితే పొడి అవుతుంది. పాలియెస్టర్ పోగు అలా కాదు. అది కరిగి ముడుచుకుని, చల్లారాక గట్టి పూసలా మిగులుతుంది.

ఈ పరీక్ష ఎంతవరకు చెబుతుందో అంతవరకే నమ్మాలి. అది పట్టు అని చెప్పగలదు. కోసా పట్టా, మల్బరీ పట్టా అని చెప్పలేదు. దానికి సూక్ష్మదర్శిని కావాలి. మల్బరీ పోగు అడ్డుకోత ఇంచుమించు త్రిభుజంలా ఉంటే, దసలి పోగు చదునుగా నాడాలా ఉంటుంది. చేత్తో నేశారా, మరమగ్గం మీద నేశారా అన్నది ఈ రెండు పరీక్షలూ చెప్పలేవు. పడుగులో ఒక రకం నూలు, పేకలో మరో రకం నూలు వాడి ఉండవచ్చు. అది నేతగాణ్ణి అడిగి రాసుకోవలసిన సంగతి.

అందుకే ముద్రలు వచ్చాయి. కేంద్ర పట్టు మండలి ప్రోత్సాహంతో 2004లో సిల్క్ మార్క్ వచ్చింది. అది స్వచ్ఛమైన సహజ పట్టు అని చెబుతుంది. 2006లో వచ్చిన హ్యాండ్లూమ్ మార్క్ చేనేత అని చెబుతుంది. భౌగోళిక గుర్తింపు ఫలానా ప్రాంతపు వస్తువు అని చెబుతుంది. ఒకటి ఉన్నంత మాత్రాన మిగిలినవి ఉన్నట్టు కాదు. మన పొందూరు ఖాదీ సంగతీ ఇంతే. ఖాదీ మార్క్ నిబంధనలు 2013లో వచ్చాయి. అప్పటినుంచి ఆ గుర్తింపు లేని గుడ్డను 'ఖాదీ' అని పిలిచి అమ్మడానికి వీల్లేదు. 'అహింసా పట్టు' మాట కూడా చూడండి. ఆప్కోలో పనిచేసిన కుసుమ రాజయ్య ఈ పేరును ప్రచారంలోకి తెచ్చారు. పట్టుపురుగు కాయలోంచి బయటికి వెళ్ళిపోయాక దారం తీసే పద్ధతికే ఆ పేరు. ఆ పద్ధతిలో తీయని పట్టుకు ఆ మాట తగిలిస్తే అది అలంకారం కాదు, అబద్ధం.

ఇంత పట్టింపు ఎందుకు? 1970లో జార్జ్ అకెర్‌లాఫ్ అనే అమెరికన్ ఆర్థికవేత్త ఒక వ్యాసం రాశారు. 2001లో ఆయనకు నోబెల్ పురస్కారం లభించడానికి అదే ప్రధాన కారణం. దాని సారం ఇది. వస్తువు మంచి చెడ్డలు అమ్మేవాడికి తెలుసు, కొనేవాడికి తెలియదు. అప్పుడు కొనేవాడు అనుమానంతో మంచి వస్తువుకు కూడా తక్కువ ధరే ఇస్తాడు. ఆ ధరకు మంచి వస్తువు తయారుచేసేవాడికి గిట్టదు, అతడు సంత వదిలి వెళ్ళిపోతాడు. చివరికి నాసిరకమే మిగులుతుంది.

అంతర్జాల దుకాణంలో ఈ ప్రమాదం ఇంకా ఎక్కువ. అక్కడ గుడ్డను ముట్టుకుని చూడలేం. పోచంపల్లి ఇక్కత్ నమూనాను గుడ్డ మీద అచ్చువేసి అదే పేరుతో అమ్మడం మీరు చూసే ఉంటారు. ఫోటోలో రెండూ ఒకలాగే కనబడతాయి. చేతిలోకి తీసుకుని తిరగేస్తే తేడా తెలుస్తుంది. పోగుకే రంగు వేసి నేసిన ఇక్కత్‌లో నమూనా రెండు వైపులా ఉంటుంది, అచ్చువేసినదానిలో వెనుక వెలిసినట్టు ఉంటుంది. ఒక అబద్ధపు ప్రకటన వల్ల నష్టపోయేది కొన్న మనిషి ఒక్కరే కాదు. రోజుల తరబడి మగ్గం మీద కూర్చున్న నేతగాడి మాటకూ విలువ పోతుంది.

కాబట్టి మన అప్ప తమ్ముడు రాసిన వాక్యాన్ని కొట్టేసి, "చాంపాలో నేసిన కోసా పట్టుచీర. సిల్క్ మార్క్ చీటీ చీరకే ఉంటుంది" అని రాసింది. ఆధారం ఉన్నంతవరకే మాట. ఆ చీటీని దగ్గరగా ఫోటో తీసి పెట్టింది. ప్రకటనలో బలమైన భాగం అదే అయింది.

రెండో ప్రశ్న: ఎవరితో మాట్లాడుతున్నాం?

సామాజిక మాధ్యమంలో ప్రకటన ఇచ్చేటప్పుడు ఊరు, వయసు, భాష, ఆసక్తులు ఎంచుకునే వీలుంటుంది. దినపత్రికలో వేసిన ప్రకటన అందరికీ ఒకటే. ఇక్కడ మాత్రం విశాఖపట్నంలో ఒకరికి ఒక ప్రకటన, భిలాయ్‌లో మరొకరికి మరొక ప్రకటన చూపించవచ్చు. "అందరికీ చూపిద్దాం" అనుకుంటే 3,000 రూపాయలు ఒక్క పూటలో చెల్లిపోతాయి.

భాష సంగతి ప్రత్యేకంగా ఆలోచించాలి. బిలాస్‌పూర్, రాయ్‌పూర్, భిలాయ్, ఖరగ్‌పూర్ వంటి చోట్ల పెరిగిన తెలుగు పిల్లల్లో చాలామంది ఇంట్లో తెలుగు మాట్లాడతారు, బడిలో వేరే భాషలో చదువుతారు. చెవికి తెలుగు అందుతుంది, కంటికి తెలుగు లిపి అందకపోవచ్చు. అలాంటివారికి తెలుగు అక్షరాలతో నింపిన బొమ్మ కన్నా, తెలుగులో మాట్లాడే చిన్న వీడియో, కింద హిందీ అక్షరాలు పనికిరావచ్చు. విశాఖలో ఉన్నవారికి తెలుగు అక్షరాలే బాగుంటాయి. 'కోసా' అనే మాట బిలాస్‌పూర్‌లో అందరికీ తెలుసు. విశాఖలో దాన్ని వివరించాలి. వస్తువు ఒకటే, వినే చెవి వేరు.

ఇవన్నీ నేను నిశ్చయంగా చెబుతున్నవి కావు, ఊహలు మాత్రమే. వీటిని పరీక్షించే పద్ధతి కాసేపట్లో చూద్దాం.

మూడో ప్రశ్న: ప్రకటన ఎలా ఉండాలి?

ఫోను తెర మీద వేలు జరుగుతూ ఉంటుంది. మన ప్రకటన కనబడే సమయం రెండు మూడు క్షణాలు. అందువల్ల నాలుగు 'ఒక్క'లు గుర్తుపెట్టుకోండి. ఒక్క వస్తువు, ఒక్క సంగతి, ఒక్క ధర, ఒక్క పని. ఆరు చీరలు కలిపి చూపిస్తే ఏదీ గుర్తుండదు. ధర దాచిపెట్టి "ధర కోసం సందేశం పంపండి" అంటే ధర అడగడానికి మొహమాటపడేవారు వెళ్ళిపోతారు. "ఇక్కడ నొక్కి వాట్సాప్‌లో అడగండి" అన్నది ఒక్క పని. దానితోపాటు "మా పేజీని అనుసరించండి, పదిమందికి పంపండి, వెబ్‌సైటు చూడండి" అని జోడిస్తే చదివినవాడు ఏదీ చేయడు.

చాలామంది శబ్దం లేకుండా చూస్తారు కాబట్టి, మాట్లాడే వీడియోకు అక్షరాలు తప్పనిసరి. ఫోను నిలువుగా పట్టుకుంటారు కాబట్టి వీడియో నిలువుగా తీయాలి.

ఫోటో విషయంలో కొంచెం భౌతికశాస్త్రం కావాలి. ఇంట్లో పసుపురంగు బల్బు వర్ణ ఉష్ణోగ్రత సుమారు 2,700 కెల్విన్లు. మధ్యాహ్నపు పగటి వెలుగుది సుమారు 5,500 కెల్విన్లు. బల్బు వెలుగులో ఎరుపు, పసుపు పాళ్ళు ఎక్కువ. ఆ వెలుగులో కోసా చీర అసలు కన్నా బంగారంలా మెరుస్తుంది. ఫోటో బాగుంటుంది, అమ్మకమూ జరుగుతుంది. చీర ఇంటికి చేరాక "ఫోటోలో ఉన్న రంగు ఇది కాదు" అని తిరిగి పంపుతారు. రానూ పోనూ కొరియర్ ఖర్చు మన మీద పడుతుంది. అందుకే కిటికీ పక్కన, ఎండ నేరుగా పడని పగటి వెలుగులో తీయాలి. పక్కన తెల్లకాగితం ఒకటి పెట్టండి. ఫోటోలో ఆ కాగితం తెల్లగా కనబడితే చీర రంగు కూడా దాదాపు సరిగ్గా ఉన్నట్టే.

మన అప్పా తమ్ముడూ ఇరవై క్షణాల వీడియో తీశారు. మొదట పోగు కాలడం, ఆ పక్కనే పాలియెస్టర్ పోగు కరిగి పూస కట్టడం. తరవాత చీర, చీటీ, ధర. ప్రయోగశాలలో మీరు చేసే ప్రదర్శన వంటిదే ఇది. చూసినవారు ఏమీ కొనకపోయినా ఒక సంగతి నేర్చుకుని వెళ్తారు.

నాలుగో ప్రశ్న: ఎవరి ప్రకటన కనబడుతుంది?

ఫేస్‌బుక్ తన ప్రకటనల వ్యవస్థను 2007 నవంబరులో ప్రారంభించింది. 2012లో ఇన్‌స్టాగ్రామ్‌ను కొన్నది. 2013లో దానిలోనూ ప్రకటనలు మొదలయ్యాయి. ఈ సంస్థ ఇప్పటి పేరు మెటా. మీరు తెర జరిపిన ప్రతిసారీ అక్కడ ఒక వేలం జరుగుతుంది. ఆ చోటు కోసం అనేక ప్రకటనలు పోటీపడతాయి. పెద్ద మొత్తం పాడినవాడే గెలుస్తాడనుకుంటే పొరపాటు. సంస్థ చెబుతున్న లెక్కలో మూడు అంశాలు ఉన్నాయి. ప్రకటనదారు ఇవ్వడానికి సిద్ధపడ్డ మొత్తం, ఈ చూసే మనిషి స్పందిస్తాడని కంప్యూటరు వేసే అంచనా, ప్రకటన నాణ్యత. మొదటి రెండింటినీ హెచ్చవేసి మూడోదాన్ని కలుపుతారు.

దీని అర్థం ఏమిటి? జనం ఆగి చూసే ప్రకటన తక్కువ డబ్బుతో కూడా కనబడుతుంది. జనం విసుక్కుని దాచేసే ప్రకటనకు ఎక్కువ ఖర్చవుతుంది. చిన్న దుకాణానికి ఇది కొంత ఊరట. అయితే ఒకటి మరవకూడదు. మన చీర అమ్ముడైనా కాకపోయినా వేలం నడిపేవారికి వారి డబ్బు అందుతుంది. లాభనష్టాల లెక్క మనమే చూసుకోవాలి.

ఐదో ప్రశ్న: లెక్క కుదురుతోందా?

ఇక్కడ పలకా బలపం తీసుకోండి. కింది అంకెలు లెక్క కోసం అనుకున్నవి మాత్రమే. చీర ధర 4,500 రూపాయలు. నేతగాడికి ఇచ్చేది 3,600. ప్యాకింగుకు, కొరియరుకు 200. తిరిగి వచ్చేవాటి కోసం ఒక్కో చీర మీద 100 పక్కన పెట్టాలి. మిగిలేది 600. అంటే ఒక చీర అమ్మడానికి ప్రకటన ఖర్చు 600 దాటితే నష్టం. పన్నులు వర్తిస్తే వాటినీ తీసివేయాలి.

3,000 రూపాయలకు ప్రకటన 20,000 సార్లు కనబడింది అనుకుందాం. వందకు ఒకరు నొక్కారు. అంటే 200 మంది. ఒక్కో నొక్కుకు 15 రూపాయలు పడింది. ఆ 200 మందిలో నూటికి ఇద్దరు కొన్నారు. అంటే 4 చీరలు. ఒక్కో చీరకు ప్రకటన ఖర్చు 750. మిగులు 600 మాత్రమే కదా, చీరకు 150 చొప్పున మొత్తం 600 రూపాయల నష్టం. ఈలోగా ప్రకటన కింద వెయ్యి 'లైకులు' వచ్చాయి. "అప్పా, మనది సూపర్ హిట్" అన్నాడు తమ్ముడు. లైకులతో కొరియర్ బిల్లు కట్టలేం.

ఇప్పుడు ప్రకటనను ముట్టుకోకుండా, నొక్కినవారు వచ్చి చూసే పేజీని సరిచేశారు అనుకుందాం. కొలతలు, పగటి ఫోటో, చీటీ, ఎన్ని రోజుల్లో చేరుతుంది, నచ్చకపోతే ఎలా తిరిగి ఇవ్వాలి, అన్నీ రాశారు. నూటికి ఇద్దరికి బదులు ముగ్గురు కొన్నారు. అంటే 6 చీరలు. ఒక్కోదానికి ఖర్చు 500. చీరకు 100 చొప్పున మొత్తం 600 రూపాయల లాభం. ప్రకటన ఖర్చు రూపాయి కూడా పెరగలేదు. 600 నష్టం 600 లాభం అయింది. ప్రకటన దుకాణం గుమ్మం వరకే తీసుకువస్తుంది, లోపల ఏముందో చూసే జనం కొంటారు.

ఆరో ప్రశ్న: రెండు ప్రకటనల్లో ఏది మేలు?

వీడియో మేలా, ఫోటో మేలా? ఇంట్లో ఓటింగు పెట్టి తేల్చే విషయం కాదు ఇది. ప్రయోగం చేయాలి. మీ ప్రయోగశాలలో నియమమే ఇక్కడా వర్తిస్తుంది: ఒకేసారి ఒక్క అంశాన్నే మార్చాలి. వీడియో, ధర, ఊరు మూడూ ఒకేసారి మారిస్తే ఫలితం దేనివల్ల వచ్చిందో తెలియదు. ఒక ప్రకటన సోమవారం, మరొకటి ఆదివారం వేస్తే తేడా ప్రకటనదా, సెలవుదా చెప్పలేం. రెండూ ఒకే రోజుల్లో నడవాలి. ఎవరికి ఏది కనబడాలో లాటరీ వేసినట్టు యాదృచ్ఛికంగా నిర్ణయం కావాలి. ఇలా జనాన్ని రెండు భాగాలు చేసి పరీక్షించే సదుపాయం ప్రకటనల వేదికల్లోనే ఉంటుంది.

ఈ యాదృచ్ఛిక విభజన పద్ధతి ప్రకటనల వాళ్ళు కనిపెట్టింది కాదు. ఇంగ్లండులోని రోథమ్‌స్టెడ్ వ్యవసాయ పరిశోధన కేంద్రంలో ఎరువుల ప్రయోగాల కోసం రోనాల్డ్ ఫిషర్ దీన్ని అభివృద్ధి చేశారు. 1935లో ప్రయోగ రచన మీద ఆయన పుస్తకం వచ్చింది. ఆయన దగ్గర కేంబ్రిడ్జిలో పరిశోధన చేసి 1948లో డాక్టరేటు పొందినవారు మన సి. ఆర్. రావు. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో గణితం చదివిన ఈ తెలుగువారు సంఖ్యాశాస్త్రంలో ప్రపంచ ప్రసిద్ధులయ్యారు. 2023లో అంతర్జాతీయ సంఖ్యాశాస్త్ర బహుమతి అందుకుని, అదే సంవత్సరం ఆగస్టులో 102 ఏళ్ళ వయసులో కన్నుమూశారు. యాదృచ్ఛికతను అర్థం చేసుకుని దానితో పని చేయించుకోవాలన్నది ఆయన జీవితమంతా బోధించిన విషయం.

ఒక ఉదాహరణ చూడండి. ఫోటోకు 100 నొక్కులు, 2 అమ్మకాలు. వీడియోకు 100 నొక్కులు, 4 అమ్మకాలు. వీడియో రెట్టింపు మేలు అనేద్దామా? తొందరపడకండి. రెండూ నిజానికి సమానమే అనుకుందాం. అప్పుడు వచ్చిన 6 అమ్మకాలూ ఆరుసార్లు నాణెం ఎగరేసినట్టే. బొమ్మ పడితే వీడియోకు, బొరుసు పడితే ఫోటోకు. ఆరు నాణేలకు మొత్తం 64 ఫలితాలు. వాటిలో సరిగ్గా 3-3 వచ్చేవి 20 మాత్రమే. మిగిలిన 44 ఫలితాల్లో 4-2 లేదా అంతకన్నా ఎక్కువ తేడా ఉంటుంది. అంటే ప్రకటనలు రెండూ సమానమైనా నూటికి 69 సార్లు ఇంతటి తేడా కనబడుతుంది. ఈ 4-2ను చూసి డబ్బంతా వీడియో మీద పెట్టడం, ఒక్క టాస్ గెలిచిన కెప్టెన్‌ను గొప్ప ఆటగాడు అనడం వంటిది.

అదే 1,000 నొక్కులకు 20, మరో 1,000 నొక్కులకు 40 వస్తే సంగతి వేరు. 60 నాణేల్లో 40 గాని, అంతకన్నా ఎక్కువ గాని ఒకే వైపు పడటం నూటికి రెండుసార్లు కూడా జరగదు. అప్పుడు వీడియో మేలు అని చెప్పడానికి ఆధారం ఉంది. నిష్పత్తి రెండు చోట్లా ఒకటే. తేడా నమూనా పరిమాణంలో ఉంది.

మరి 3,000 రూపాయలతో అన్ని అమ్మకాలు ఎలా వస్తాయి? రావు. కాబట్టి చిన్న దుకాణం అమ్మకాల కన్నా ముందు మెట్టును కొలవాలి. ఎంతమంది ఆగి చూశారు, ఎంతమంది వాట్సాప్‌లో అడిగారు అన్నవి ఎక్కువ సంఖ్యలో వస్తాయి. అవి అమ్మకానికి సమానం కావు, కాని దారి చూపుతాయి. అసలు తీర్పు మాత్రం రెండు మూడు నెలల అమ్మకాల పుస్తకమే చెప్పాలి. ఆ పుస్తకంలో తిరిగి వచ్చిన చీరలనూ, వాటి కారణాలనూ తప్పక రాయాలి. మంచి ప్రయోగం చేసేవాడు ప్రతికూల ఫలితాన్ని చింపి పారేయడు.

ఏడో ప్రశ్న: చేయకూడనివి ఏమిటి?

"ఈరోజే ఆఖరు, ఇంక రెండే చీరలు" అని రోజూ వేసేవారు ఉన్నారు. చీరలు నిజంగా రెండే ఉంటే చెప్పవచ్చు. లేకపోతే అది తప్పుడు తొందర పెట్టడం. 2023 నవంబరులో కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ ఇలాంటి 13 మోసపు పద్ధతులను పేర్కొంటూ మార్గదర్శకాలు ఇచ్చింది. తప్పుడు తొందర, బుట్టలోకి మనకు తెలియకుండా వస్తువు చేర్చడం, ధరను కొంచెం కొంచెంగా బయటపెట్టడం వాటిలో ఉన్నాయి. 2022 జూన్‌లో తప్పుదారి పట్టించే ప్రకటనల నివారణ మార్గదర్శకాలు వచ్చాయి. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం తప్పుడు ప్రకటనకు 10 లక్షల రూపాయల వరకు, మళ్ళీ చేస్తే 50 లక్షల వరకు జరిమానా వేయవచ్చు.

విద్యార్థులు తెలియక చేసే పని ఇంకొకటి ఉంది. స్నేహితులందరితో "చీర అద్భుతం" అని ఐదు నక్షత్రాలు పెట్టించడం. అమ్మేవారు కొనుగోలుదారులమని చెప్పుకుని సమీక్షలు రాయడాన్ని 2020 ఈ-కామర్స్ నిబంధనలు నిషేధించాయి. డబ్బో, వస్తువో తీసుకుని ప్రచారం చేసేవారు ఆ సంగతి స్పష్టంగా చెప్పాలని భారత ప్రకటనా ప్రమాణాల మండలి 2021లో నియమం పెట్టింది. పిల్లలను లక్ష్యంగా చేసుకుని ప్రకటనలు చూపడాన్ని 2023 డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం వద్దంటోంది. మీరు కొనేవారి వైపు ఉండి మోసపోతే 1915 అనే నంబరు జాతీయ వినియోగదారుల సహాయవాణి. దాన్ని గుర్తుపెట్టుకోండి.

చివరగా ఒక జాగ్రత్త. సామాజిక మాధ్యమం మన సొంత స్థలం కాదు, అద్దె కొట్టు. ఒకప్పుడు మన దేశంలో అందరి నోటా ఉన్న ఆర్కుట్ 2014లో మూతపడింది. 2020 జూన్ 29న భారత ప్రభుత్వం టిక్‌టాక్‌తో సహా 59 యాప్‌లను నిషేధించింది. దాని మీదే ఆధారపడి అమ్ముకున్నవారు ఒక్క రాత్రిలో తమ వినియోగదారులందరినీ పోగొట్టుకున్నారు. అందుకని కొన్నవారి అనుమతితో వారి చిరునామా, ఫోను నంబరు మీ సొంత పుస్తకంలో ఉంచుకోండి. వాటిని మరొకరికి ఇవ్వకండి. ఒకసారి కొని తృప్తిపడిన మనిషి రెండోసారి కొనడానికి ప్రకటన ఖర్చు ఉండదు.

మీరు చేయవలసిన పని

ఈ వారం మీ ఫోనులో కనబడే పది ప్రకటనలను ఒక పట్టికలో రాయండి. ప్రతిదానికి ఎదురుగా మూడు గళ్ళు గీయండి. మొదటి గడిలో ఆ ప్రకటన చెప్పిన మాటలను విడివిడిగా రాయండి. రెండో గడిలో ఒక్కో మాటకు ఇచ్చిన ఆధారం రాయండి. ఆధారం లేకపోతే ఖాళీగా వదలండి. మూడో గడిలో ఆ మాట నిజమో కాదో మీరు ఏ పరీక్షతో తేల్చగలరో రాయండి. తరవాత మీ ఊళ్ళో తయారయ్యే ఒక వస్తువును ఎంచుకోండి. ఏటికొప్పాక లక్కబొమ్మ కావచ్చు, పొందూరు బట్ట కావచ్చు, మీ వీధిలో పెట్టే ఆవకాయ కావచ్చు. దానికి నాలుగు 'ఒక్క'లు పాటిస్తూ ఒక ప్రకటన రాసి, దాన్నీ ఆ మూడు గళ్ళలో పెట్టి చూడండి. ఖాళీగా మిగిలిన గడులు కనబడితే, ఆ మాటలను కొట్టేయండి. మిగిలిన మాటలతోనే ప్రకటన తయారుచేయండి. దాన్ని వస్తువు తయారుచేసినవారికి చదివి వినిపించి, అంతా నిజమేనా అని అడగండి. వారు సరే అన్నాకే డబ్బు పెట్టి నలుగురికీ చూపించండి.